పన్నెండు బై ఇరవై నెగటివ్

జనవరి 11

అన్నయ్యగారికి,

నమస్కారాలు. కవరుమీద రాత చూసి ఎవరా అనుకుని ఉంటారు. నేను మీ తోడల్లుణ్ణి. పెళ్ళిళ్ళయిన ఇన్నేళ్ళలో మీరూ నేనూ మాట్లాడుకున్న మాటలన్నీ ఏరి పెడితే ఒక కార్డుముక్కలో పడతాయి. అందులో సగం “భోంచేశారా”, మిగతా సగం “ఆ, అయింది”. ఆరేళ్ళ కిందట అత్తయ్యగారు పోయినప్పుడు మీ వాకిట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు అనరాని మాటలనుకున్నాక ఆ కాస్తా ఆగిపోయింది. వాళ్ళు మానేశారు కాబట్టి మనమూ మానేశాం. మనిద్దరికీ విడిగా గొడవేమీ లేదనే నా నమ్మకం. ఉంటే తెలియజేయగలరు.

విషయానికొస్తాను. అత్తయ్యగారు పనిచేసిన నూలుమిల్లు మూతపడింది. అక్కడ ఆఫీసు ఖాళీ చేస్తూ పాత ఫొటోగ్రాఫరు తాలూకు చెక్కపెట్టెలు బయట పడేస్తుంటే, స్టూడియో నడిపేవాణ్ణి కదా అని నాకు కబురు పెట్టారు. వెళ్ళి తెచ్చుకున్నాను. నెగటివ్‌లు మామూలువి కావు. ఒక్కోటి పన్నెండు అంగుళాలు బై ఇరవై. భోజనం పళ్ళెంకన్నా పెద్ద ఫిల్ము! ఒకదాని కవరుమీద “రీలింగు సెక్షను, అరవైమంది” అని రాసి పేర్లు వేశారు. వెనక వరుసలో ఎడమనుంచి ఏడోపేరు అత్తయ్యగారిది.

ఆవిడకి కెమెరా అంటే ఎంత చిరాకో మీకు నాకన్నా ఎక్కువ తెలుసు. నా పెళ్ళిలో నేనే తీయబోతే కొంగు అడ్డం పెట్టేసుకున్నారు. మా ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. మీ ఇంట్లోనూ ఉండి ఉండదు. ఉన్నది ఇదొక్కటే. ఈ ఫిల్ము మీద కాగితం పెట్టి అచ్చంగా అదే సైజులో ప్రింటు తీశాను. మొహం చింతగింజంత వచ్చింది. భూతద్దం పెడితే కాగితం గరుకు కనిపిస్తోంది తప్ప మనిషి కనిపించటం లేదు. ఆ ప్రింటునే మళ్ళీ ఫొటో తీసి పెంచబోతే ముద్దయిపోయింది. ఫిల్ముమీది బొమ్మని పెంచి కాగితంమీద వేసే నా ఎన్లార్జర్‌లో అరచేయంత ఫిల్ముకన్నా పెద్దది పట్టదు. పెద్ద ల్యాబులో అడిగితే, ఆ ముక్క వరకూ కత్తిరించి తెమ్మన్నారు. కత్తెర పట్టుకుని కూర్చున్నాను కూడా. అరవైమందిలో ఒకరిని కత్తిరించాలంటే ఇటూ అటూ నలుగురి భుజాలు తెగుతాయి. చెయ్యి రాలేదు.

కాబట్టి ఆ ఫిల్ము మొత్తం పట్టే ఎన్లార్జర్ నేనే కట్టుకుందామనుకుంటున్నాను. కావలసింది పెద్ద లెన్సు. మీ ప్రెస్సులో పేజీలని ఫొటో తీసే గదంత కెమెరా ఉంది కదా, ఇప్పుడు దాన్ని తీసేస్తున్నారని విన్నాను. దాని లెన్సు గతి ఏమిటో కనుక్కోగలరా?

మా ఆవిడకి చెప్పలేదు. పని జరక్కపోతే అనవసరంగా ఆశపెట్టినట్టవుతుంది. జవాబు స్టూడియో చిరునామాకి రాయండి.

ఇట్లు
మీ తోడల్లుడు


జనవరి 19

తమ్ముడుగారికి,

ఉత్తరం అందింది. మనకు గొడవేమీ లేదు.

ఫిల్ము కత్తిరించకండి. ఒకసారి కత్తిరించింది మళ్ళీ అతకదు.

లెన్సు ఉంది. అరవై సెంటీమీటర్లది. ఇరవైరెండేళ్ళు దాని వెనకే నిలబడ్డాను కాబట్టి దాని గుణం నాకు తెలుసు. కెమెరాతోపాటు దాన్నీ తుక్కులో వేస్తామన్నారు. ఇప్పించమని మేనేజరుకి అర్జీ పెట్టాను, ఒప్పుకున్నాడు.

మీరు నాలుగింతలు పెంచాలనుకుంటే లెన్సుకీ ఫిల్ముకీ మధ్య డెబ్భైఅయిదు సెంటీమీటర్లు, లెన్సుకీ కాగితానికీ మధ్య మూడు మీటర్లు ఉండాలి. వెనక దీపాలపెట్టె ఇంకో ముప్ఫై. అంటే నాలుగు మీటర్ల పైన పొడవున్న గది కావాలి. మామూలు ఎన్లార్జర్‌లా నిలువుగా కడితే కప్పు బద్దలవుతుంది. పడుకోబెట్టి కట్టండి. కింద రెండు పట్టాలు, వాటిమీద జరిగే మూడు బల్లలు, ఎదురుగా గోడకి కాగితం. ప్రింటు నాలుగడుగులు బై ఆరడుగుల ఎనిమిది అంగుళాలు వస్తుంది. మొహం నిమ్మకాయంత. దీపాలు ఏవి పెడుతున్నారో రాయండి.

మీ వదినగారు కులాసా. తనకీ ఈ సంగతి చెప్పలేదు.

ఇట్లు


ఫిబ్రవరి 6

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. స్టూడియో వెనక పాత సామాన్ల గది నాలుగు మీటర్ల నలభై ఉంది. ముప్ఫై ఏళ్ళ చెత్త బయట పారబోశాను. అందులో నా మొదటి సైన్‌బోర్డు దొరికింది. “స్టూడియో”లో “యో” రాయటానికి చోటు చాలక కిందకి దించేశాడు ఆ పెయింటరు మహానుభావుడు.

ఇనప కోణాలు తెచ్చి పట్టాలు వేశాం. వడ్రంగి మంచివాడే కానీ ప్రతి మేకుకీ ఒక ప్రశ్న. “ఇది మంచమా?” కాదన్నాను. “పాడెలా ఉంది సార్.” నోర్ముయ్యమన్నాను. ఇప్పుడు దీనికి తనే “ఏనుగు” అని పేరు పెట్టి, పొద్దున రాగానే “ఏనుగు ఎట్టా ఉంది?” అంటాడు.

దీపాల దగ్గర చిన్న ప్రమాదం జరిగింది. వంద క్యాండిల్ బల్బులు పన్నెండు బిగించి, ముందు పాలరంగు అద్దం పెట్టి, పరీక్షకని పనికిరాని ఫిల్మొకటి దూర్చాను. మూడు నిమిషాలకి ఫిల్ము అప్పడంలా పైకి ఉబ్బింది. అయిదో నిమిషానికి వాసన. అసలు నెగటివ్ పెట్టుంటే అరవైమందినీ ఒక్కసారే తగలేసేవాణ్ణి. అది తలుచుకుని ఆ పూట అన్నం సయించలేదు.

మా ఆవిడ ఈ గదిలోకి తొంగిచూసి ఏమిటిదని అడిగింది. బీరువా అన్నాను. “అరలు లేని బీరువాలో ఏం పెడతావు, నీ తెలివితేటలా?” అని వెళ్ళిపోయింది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. అత్తయ్యగారు పోయినప్పుడు మాకు టెలిగ్రాం వదినగారు కావాలనే ఆలస్యంగా ఇచ్చారని మా ఆవిడ మనసులో నాటుకుపోయింది. “నేను వచ్చేలోపు అమ్మని తీసుకెళ్ళిపోవాలనే అలా చేసింది” అంటుంది. నేను నమ్మను. వదినగారు అలాంటి మనిషి కాదు. కానీ అసలేం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది కదా?

ఇట్లు
మీ తోడల్లుడు


ఫిబ్రవరి 15

తమ్ముడుగారికి,

లెన్సు పార్సిల్ లారీలో వేశాను. రెండు పెట్టెల్లో ఉంది, పెట్టెకీ పెట్టెకీ మధ్య పత్తి. ముందువైపు అద్దాన్ని చేత్తో ముట్టుకోవద్దు.

బల్బులు తీసేయండి. రెండడుగుల ట్యూబులైట్లు ఎనిమిది, పక్కపక్కనే ఆనించి పెట్టండి. వేడి ఉండదు. అయితే ట్యూబు వెలగ్గానే నిలకడగా ఉండదు. ముందే వెలిగించి, లెన్సు ముందు నల్ల అట్ట అడ్డం పెట్టి, అట్ట తీయటంతోనే సమయం లెక్కపెట్టుకోండి. ఫిల్ముని రెండు అద్దాల మధ్య నొక్కి పెట్టండి. బొమ్మ గీసి పంపుతున్నాను. కొలతలన్నీ మిల్లీమీటర్లు.

టెలిగ్రాం సంగతి మనం ఉత్తరాల్లో మాట్లాడుకోవద్దు.

ఇట్లు


మార్చి 3

అన్నయ్యగారికి,

లెన్సు క్షేమంగా వచ్చింది. పెట్టె విప్పి అరగంట ఊరికే చూస్తూ కూర్చున్నాను. గుమ్మడికాయంత ఉంది. మీరు అన్నేళ్ళు తుడిచి తుడిచి ఇత్తడి రంగు తేలిపోయిన చోట మీ వేళ్ళ ఆనవాలు కూడా తెలుస్తోంది.

మీ ఉత్తరం మాత్రం పుల్లవిరుపుగా ఉంది. నా ప్రశ్న వల్లే అని అర్థమైంది. మీ భార్యని మీ ముందే అనుమానించినట్టయింది. తప్పు నాది. వదినగారిమీద నాకు ఏ అనుమానమూ లేదు, మీమీద అంతకన్నా లేదు. మీ మనసు కష్టపెట్టి లెన్సు వాడుకోవటం నాకు ఇష్టంలేదు. వెనక్కి పంపమంటే పంపేస్తాను. పట్టాలూ బల్లలూ ఇక్కడే ఉంటాయి కాబట్టి చేసిన పని ఎక్కడికీ పోదు.

పంపమనరని ఆశపడి మిగతాది రాస్తున్నాను. ట్యూబులు బ్రహ్మాండం. చెయ్యి పెట్టినా చల్లగా ఉన్నాయి. నల్లగుడ్డ రెండు పొరలు కుట్టించి ఫిల్ముకీ లెన్సుకీ మధ్య గొట్టంలా తొడిగాను. గోడకి ఇనపరేకు బిగించి, కాగితాన్ని అయస్కాంతాలతో అంటించేలా చేశాను. చిక్కల్లా ఒక్కటే. మధ్యలో ఉన్నవాళ్ళ కనురెప్పలు కూడా లెక్కపెట్టేలా వస్తున్నాయి. ఎడమ చివరవాళ్ళు మాత్రం పొగమంచులో నిలబడ్డట్టున్నారు. మూడురోజులుగా పట్టాల కింద చెక్కముక్కలు దూర్చడమే పని. వడ్రంగి కూడా తల గోక్కుంటున్నాడు.

ఇంకో చిక్కు. కవరుమీద “ఎడమనుంచి ఏడు” అని ఉందన్నాను కదా. ఎడమ అంటే చూసేవాళ్ళ ఎడమా, నిలబడ్డవాళ్ళ ఎడమా? ఒకవైపునుంచి ఏడో ఆవిడ సన్నగా, ముభావంగా ఉంది. రెండోవైపునుంచి ఏడో ఆవిడ నోరంతా తెరిచి నవ్వుతోంది. అత్తయ్యగారిని ఆ వయసులో నేను చూడలేదు. వదినగారిని అడిగి ఏదైనా గుర్తు చెప్పగలరా?

మీ
తోడల్లుడు


మార్చి 14

తమ్ముడూ,

లెన్సు నీదే. వెనక్కి పంపే మాట ఎత్తకు. నా కోపం నీమీద కాదు. అంతవరకు నమ్ము. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అంటున్నాను, లోపల అలాగే అనిపిస్తోంది కాబట్టి కూడా.

చెక్కముక్కలు తీసెయ్. రెండు అద్దాలు తీసుకో. ఒకదాన్ని కాగితం పెట్టేచోట రేకుకి ఆనించు. రెండోదాని వెనక మధ్యలో కళాయి కొంచెం గీకి చిన్న చిల్లులా చేసి, ఫిల్ము పెట్టేచోట పెట్టు. లెన్సు తీసేసి ఆ చిల్లులోంచి చూడు. అద్దంలో అద్దం, దాంట్లో ఇంకో అద్దం, సొరంగంలా కనిపిస్తుంది. సొరంగం ఏ పక్కకి వంగితే ఆ పక్క బల్ల వంకర. తిన్నగా అయ్యేదాకా మర బిగించు. మా ప్రెస్సులో నెలకోసారి ఇలాగే చూసేవాళ్ళం. తరవాత లెన్సు కన్నాన్ని దాని అంచుమీది ఇరవైరెండు అంకె దాకా మూసి వాడు. అంచులు కూడా తేలతాయి.

మీ వదినకి చెప్పాల్సి వచ్చింది, గుర్తు అడగాలి కదా. ఒంటికాలి మీద లేచింది. “ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా అమ్మ? టెలిగ్రాం అందాక కూడా తీరిగ్గా బయల్దేరిన మనిషికి ఇప్పుడు ఫొటో కావాలా? మరిదిని ముందుకి తోసి అడిగిస్తోంది” అంది. చెల్లెలికి ఈ సంగతే తెలీదని చెప్పాను. నమ్మలేదు. ఇక్కడ మీ వదిన నమ్మకం ఏమిటంటే, టెలిగ్రాం అత్తయ్య పోయిన మధ్యాహ్నమే వెళ్ళిందనీ, చెల్లెలే ఆలస్యం చేసిందనీ.

మర్నాడు పొద్దున కూరలు తరుగుతూ, నావైపు చూడకుండా అంది: “అమ్మ ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది. దుద్దు దారపు చక్రంలో పడి లాక్కుపోయింది. చెవి చూడమను.” అంతే.

ఇట్లు
అన్నయ్య


ఏప్రిల్ 2

అన్నయ్యా,

ఏనుగు నడిచింది!

మీ అద్దాల మంత్రం పారింది. సొరంగంలోకి చూస్తుంటే కళ్ళు తిరిగాయి గానీ రెండు గంటల్లో బల్లలన్నీ తిన్నగా వచ్చాయి. మధ్యాహ్నం భోజనాల వేళ వీధిలో లారీలు తిరగవు. తిరిగితే గోడ అదిరి అరవైమందీ ఇద్దరిద్దరవుతారని ముందే తేలింది. అందుకని ఆ వేళ చూసుకుని, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, రేకుమీద కాగితం పరిచి, నల్ల అట్ట తీశాను. నాలుగు నిమిషాలు. వడ్రంగి, నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాం, మా ఊపిరికి ఏనుగు కదులుతుందేమో అన్నట్టు.

అంత కాగితానికి పళ్ళెం ఎక్కడ దొరుకుతుంది? జింకు రేకుతో అయిదడుగుల తొట్టి చేయించాం. కాగితాన్ని చుట్ట చుట్టి ఆ చివరనుంచి ఈ చివరకి, ఈ చివరనుంచి ఆ చివరకి మందులో దొర్లిస్తూనే ఉండాలి. ఎర్రదీపం వెలుతుర్లో ముందు చీరల అంచులు వచ్చాయి. తరవాత కళ్ళు. చుట్ట విప్పినప్పుడల్లా కొత్తగా ఓ నలుగురు వచ్చి నిలబడేవాళ్ళు. బొమ్మని నిలిపే హైపో మందులోంచి తీసి గోడకి ఆనించి, ఇద్దరం వెనక్కి జరిగాం. మాట్లాడటమే వృత్తిగా పెట్టుకున్న వడ్రంగి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని మా ఆవిడ వచ్చింది. అన్నానికి రాలేదని కేకలేయడానికి వచ్చింది పాపం. నేను చెవి చూపిద్దామని నోరు తెరిచేలోపే వేలు పెట్టి చూపించేసింది, ఆ నవ్వుతున్నావిణ్ణి. “అమ్మ” అంది. వంగి చెవి చూశాను. ఎడమ తమ్మె రెండుగా చీలి ఉంది. తను చెవి చూడకుండానే గుర్తుపట్టింది.

తరవాత, “లెన్సు ఎవరిచ్చారు?” అంది. చెప్పాను. “చెవి సంగతి ఎవరు చెప్పారు?” అదీ చెప్పాను. నామీద విరుచుకుపడుతుందనుకున్నాను. రెండురోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మూడోరోజు తనే కార్డు కొనుక్కొచ్చి వదినకి రాసింది. నాకు చూపించకుండా డబ్బాలో వేయబోయింది గానీ కార్డు కదా, చదివేశాను. “ఆరడుగులుంది, పంపటం కుదరదు. చూడాలంటే రా.” సంబోధన లేదు, సంతకం లేదు.

ఏం జరుగుతుందో మరి.

తమ్ముడు


ఏప్రిల్ 12

తమ్ముడూ,

మీ వదిన ఇవాళ పొద్దుటి బండికి బయల్దేరింది. ఈ ఉత్తరం తనకన్నా రెండురోజులు వెనక అందుతుంది. నన్ను రమ్మనలేదు. రమ్మన్నా వచ్చేవాణ్ణి కాను.

కారణం రాస్తాను. రెండు నెలలుగా రాయబోయి మానేస్తున్నాను.

అత్తయ్య మధ్యాహ్నం రెండింటికి పోయారు. మూడింటికి మీ వదిన కాగితం మీద రాసి నా చేతికిచ్చి, చెల్లెలికి టెలిగ్రాం ఇచ్చి రమ్మంది. దారిలోనే కదా అని ముందు సెలవు చెప్పడానికి ప్రెస్సుకి వెళ్ళాను. కెమెరా ముందు పాఠ్యపుస్తకం పేజీలు నలభై బిగించి ఉన్నాయి. దీపాలు సర్ది ఉన్నాయి. వేరేవాళ్ళు చేస్తే పాడవుతుందనిపించింది. అరగంట అనుకున్నాను. చివరి పేజీ అయ్యేసరికి టెలిగ్రాం కౌంటరు మూసేశారు. కాగితం చొక్కాజేబులోనే ఉండిపోయింది. ఇంటికొచ్చాక మీ వదిన “ఇచ్చావా?” అని అడిగింది. ఇచ్చానన్నాను.

ఆ ఒక్క మాట. మర్నాడు పొద్దున సామాన్లకి వెళ్ళే వంకతో వెళ్ళి ఇచ్చాను. అప్పటికి పది దాటింది. మీ వదిన సాయంత్రం నాలుగుదాకా ఎవరెంత చెప్పినా కదలనివ్వకుండా చెల్లెలి కోసం కాచుకుంది. తరవాత అందరూ కలిసి తీసుకెళ్ళిపోయారు. నీ భార్య ఆ మర్నాడు పొద్దున దిగింది. వాకిట్లో ఒకరిమీద ఒకరు విరుచుకుపడుతుంటే నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

ఆ క్షణంలో చెప్పడం తేలికే. రెండోరోజుకి కొంచెం కష్టం. నెలకి ఇంకా కష్టం. ఏడాది తిరిగాక మామూలైపోయింది. లెన్సు అడుగుతూ నీ ఉత్తరం వచ్చినప్పుడు, దాంతో లెక్క సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు.

వాళ్ళిద్దరూ ఒకచోట ఉండగా నువ్వు చెప్పు. నీకు మాట నేర్పు ఉంది.

అన్నయ్య


ఏప్రిల్ 20

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. కోపం వచ్చిందో లేదో రాయను. వచ్చింది.

వదిన దిగిన పూట స్టేషన్లో అక్కచెల్లెళ్ళిద్దరూ నాతోనే మాట్లాడారు. “ప్రయాణం బాగా జరిగిందా అడుగు.” “బాగానే జరిగిందని చెప్పు.” నేను పోస్టుమాన్‌లా మధ్యలో నడిచాను. స్టూడియోలోకి రాగానే వదిన చెప్పులు విప్పి, ప్రింటు దగ్గరకి వెళ్ళి, మొహంలో మొహం పెట్టి చూసింది. “అమ్మ కాదు” అంది.

మా ఆవిడకి మండిపోయింది. “చెవి చూడు.”

“చూశాను. చెవి అమ్మదే. ఆ నవ్వు అమ్మది కాదు. అమ్మ పళ్ళు కనపడేలా ఎప్పుడు నవ్వింది?”

“నువ్వు నవ్వనిచ్చావా?”

ఇంక చూసుకో. మూడురోజులు అదే. అమ్మ ఎలా నవ్వేది, ఎవరితో నవ్వేది, చివరి ఏళ్ళలో నవ్విందా, ఎవరికి కనిపించింది. అన్నం దగ్గర, బట్టలు ఆరేస్తూ, ప్రింటు ముందు పీటలు వేసుకుని. ఆరేళ్ళ మాటలు అటకమీంచి దించుకున్నారు. వినడానికి భయంగా ఉండేది గానీ నాతో చెప్పించుకోవడం మాత్రం మానేశారు.

నాలుగోరోజు టెలిగ్రాం వచ్చింది మాటల్లోకి. మా ఆవిడ దాన్ని పారేయలేదు. పెట్టె అడుగునుంచి తీసి అక్క ఒళ్ళో పడేసింది. “ఎప్పుడిచ్చావో నువ్వే చూసుకో.” వదిన కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ముద్రలో తేదీ, గంట ఉన్నాయి. పది నలభై. మళ్ళీ చూసింది. “నేను మూడింటికి రాసి ఇచ్చాను” అంది. “ముందురోజు మూడింటికి. మా ఆయన చేతికిచ్చాను.” ఇద్దరూ నావైపు చూశారు. నాకు ముందే తెలుసని నా మొహంలో కనిపించిందో ఏమో.

నీ ఉత్తరం అప్పటికి నా చొక్కాజేబులో రెండు రోజులుగా ఉంది. నేనూ నీలాగే జేబులో పెట్టుకుని తిరిగాను, తగిన సమయం వస్తుందని. రాదు. ఆ సంగతి నీకే బాగా తెలియాలి.

చెప్పమన్నావు. నేను చెప్పను. వాళ్ళకి తెలియాల్సింది ముద్రే చెప్పేసింది. “ఇచ్చాను” అన్న మాట మాత్రం నీది, అది నా నోటితో వస్తే బాగుండదు. మా ఆవిడకి నువ్వే రాయి. వదినకి ఏం రాస్తావో నీ ఇష్టం.

లెన్సుకి మూత వేసి పెట్టాను.

తమ్ముడు


ఏప్రిల్ 27

అమ్మాయ్,

మీ బావని రాస్తున్నాను. మీ అక్క తప్పేమీ లేదు. అమ్మ పోయిన గంటలోనే నీకు టెలిగ్రాం ఇమ్మని రాసి నా చేతికిచ్చింది. నేను ప్రెస్సులో పని చూసుకుని, మర్నాడు ఇచ్చాను. ఆ రోజే ఇచ్చానని మీ అక్కతో అబద్ధం చెప్పాను. అక్కవల్ల ఆలస్యమైందని నువ్వూ, నీవల్ల అయిందని అక్కా అనుకుంటుంటే ఆరేళ్ళు ఊరుకున్నాను.

నీ తల్లిని ఆఖరిసారి చూడకుండా చేసింది నేను. క్షమించమని అడగటానికి నాకు మొహం లేదు. తెలియాలని రాశాను.

మీ బావ


మే 4

బావగారికి,

ఉత్తరం అందింది. ఒకసారి లోపల చదువుకున్నాను, ఒకసారి అక్కకి పైకి చదివి వినిపించాను. ఆ వేళ అక్క జడ వేసుకుంటోంది. సగం జడ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏమందో నేను రాయను. అది మీరూ తనూ తేల్చుకోవాల్సింది.

మీకు ఏం రాయాలో నాలుగు రోజులుగా తెలియలేదు. ముందు బోలెడంత రాసి చించేశాను. ఆ బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్న మూడు గంటలూ, దిగాక రిక్షాలో మీ వీధి మలుపు తిరుగుతుంటే వాకిట్లో అప్పటికే కడిగేసి ఉన్న తడీ, అవన్నీ రాశాను. మీకు తెలియనివి కావు. మీరు అక్కడే ఉన్నారు.

మీ తోడల్లుడు నా దగ్గర కూడా దాచాడని తెలిసి ఒకపూట అతనికి అన్నం పెట్టలేదు. వడ్రంగికి పెట్టాను.

అక్క నిన్న ఒప్పుకుంది, ఆ ఫొటోలో ఉన్నది అమ్మేనని. “పనిలో ఉన్నప్పుడు అలా నవ్వేదేమో. మనకి తెలీదు” అంది. నాకూ తెలీదు. ఇద్దరం పెరిగింది ఆవిడ పక్కనే, ఆ నవ్వు మాత్రం మేమిద్దరమూ చూడలేదు. పక్కన నిలబడ్డావిడ ఏం చెప్పి నవ్వించిందో తెలుసుకోవాలని అక్కకి పట్టుకుంది. కవరుమీద పేర్లు చూసి మిల్లులో పనిచేసినవాళ్ళని వెతుకుతోంది. ఇద్దరు దొరికారు. వచ్చేవారం వెళ్తాం. అందుకని అక్క ఇప్పట్లో బయల్దేరదు.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. క్షమించలేదని రాయటానికీ చెయ్యి రావటం లేదు. మీరు రండి. ఆదివారం పొద్దుటి బండి ఎక్కితే సాయంత్రానికి దిగుతారు. వచ్చి నాకెదురుగా కూర్చుని ఇదే మాట నోటితో చెప్పండి. కాగితం మీద వద్దు. కాగితం మీద వచ్చినవి ఈ ఇంట్లో చాలా ఉన్నాయి.

మీ మరదలు